నాన్న ఎంఎం 540ని బాగు చేయించాలా, అమ్మేసి థార్ కొనాలా?

ఉదయగిరి కొండగాలి

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా సీతారామపురం వైపు, కొండ కిందే ఊరు. మా నాన్నకి 1991 మోడల్ మహీంద్రా ఎంఎం 540 జీపు ఉంది. డీజిల్, ఫోర్ వీల్ డ్రైవ్. నాన్న పోయి నాలుగేళ్లయింది. అంతకు రెండేళ్ల ముందు నుంచే ఆయన ఆరోగ్యం బాగాలేక బండి తీయలేదు. మొత్తం ఆరేళ్లుగా కొట్టం పక్కన రేకుల షెడ్డులో ఉంది. టైర్లలో గాలి లేదు, సీట్ల కింద ఎలుకలు గూడు పెట్టాయి.

మా ఊరికి సరైన రోడ్డు లేని రోజుల్లో ఆ జీపే అందరికీ దిక్కు. మా చెల్లి పుట్టే ముందు రాత్రి అమ్మను ఉదయగిరి ఆసుపత్రికి తీసుకెళ్లింది అందులోనే. వాగు పారుతుంటే నాన్న ముందు తను దిగి, కర్రతో లోతు చూసి, తర్వాతే బండి దింపేవాడట.

ఇప్పుడు ఒకాయన వచ్చి లక్షా పాతిక వేలకి అడుగుతున్నాడు. ఆ డబ్బుకి ఇంకొంత కలిపి లోన్ మీద మహీంద్రా వాళ్ల కొత్త జీపు థార్ తీసుకోమని స్నేహితులు అంటున్నారు. నాకు పొలానికి వెళ్లడానికి, నెలకోసారి నెల్లూరు పోయి రావడానికి బండి కావాలి. జీపు మీద ఎంత పెడితే నడుస్తుంది? పెట్టడం తెలివైన పనేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

కోట రొయ్యల రైతు

తమ్ముడూ, నేను 2021లో కొత్త థార్ డీజిల్ తీసుకున్నాను, ఫోర్ బై ఫోర్. కోట మండలంలో మాకు రొయ్యల గుంటలున్నాయి. వానాకాలం గుంటల గట్లు సబ్బు రాసినట్టు ఉంటాయి. అంతకు ముందు బొలెరోతో రెండుసార్లు గట్టు దిగి పక్క గుంటలోకి జారాను. థార్‌తో ఆ భయం పోయింది. ఏసీ ఉంది, ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి, రాత్రి రెండు గంటలకి గుంటల నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయని ఫోన్ వస్తే సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతుంది. పనికి కావాలంటే కొత్త బండే మంచిదని నా అభిప్రాయం.

ఒక్క జాగ్రత్త చెబుతా. రోడ్డు మీద కనిపించే ప్రతి థారూ ఫోర్ వీల్ కాదు. 2023 నుంచి వెనక చక్రాలు మాత్రమే తిరిగే రకం కూడా వస్తోంది, దాని డీజిల్ ఇంజన్ 1.5 లీటర్లది. సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు గేర్ రాడ్ పక్కన ఫోర్ వీల్ వేసే రెండో రాడ్ ఉందో లేదో ముందు చూసుకో. మాకు తెలిసిన కుర్రాడు ఒకడు చూసుకోకుండా కొని, మొదటి వానకే ట్రాక్టర్‌తో లాగించుకున్నాడు.

సైదాపురం పెద్దాయన

బాబూ, నాకు ఇప్పుడు డెబ్బై రెండేళ్లు. మా మనవడు టైపు చేసి పెడుతున్నాడు.

నేను 1970లో సైదాపురం దగ్గర ఒక మైకా గనిలో జీపు క్లీనర్‌గా చేరాను. రెండేళ్లకి స్టీరింగ్ ఇచ్చారు. అది పెట్రోలు బండి, సీజే 3బీ. ముక్కు ఎత్తుగా ఉండేది. అందులో వేసిన హరికేన్ ఇంజన్ పాతదానికన్నా ఎత్తు, అందుకే బానెట్ ఎత్తారని మా మేస్త్రి చెప్పేవాడు. గనిలో కూలీలను, కంప్రెసర్ సామాను, డీజిల్ పీపాలను ఎక్కించి తిరిగేవాళ్లం. గూడూరు, రాపూరు వైపు ఆ రోజుల్లో ఏ గని చూసినా జీపే. అభ్రకం పొడి బండి సందుల్లోకి చేరి, ఎండకి ఒళ్లంతా మెరిసేది.

1973 తర్వాత పెట్రోలు ధర బాగా పెరిగింది. మా యజమాని దాన్ని తట్టుకోలేక పెట్రోలు ఇంజన్ తీయించి డీజిల్ ఇంజన్ వేయించాడు. బరువు పెరిగి ముందు కమాన్ పట్టీలు, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు, కుంగిపోయాయి. రెండు పట్టీలు అదనంగా వేస్తే గానీ నిలబడలేదు.

1984 నవంబరు తుఫాను శ్రీహరికోట దగ్గర తీరం దాటింది. నాలుగో రోజు మా జీపు మీద బియ్యం మూటలు వేసుకుని వాకాడు వైపు వెళ్లాం. చెట్లు పడి రోడ్డంటూ లేదు, పొలాల్లోంచే పోయాం. లో గేర్‌లో వేసి క్లచ్ వదిలేస్తే, కాలు పెట్టకుండానే నడిచే మనిషి వేగంతో పోయేది. ఆ బండి చేసిన సాయం నేను మరవను.

మీ నాన్న కర్రతో లోతు చూశాడన్నావే, అది అసలైన డ్రైవరు లక్షణం. బండిని అమ్మొద్దు నాయనా.

చీమకుర్తి జిప్సీ

పెద్దాయన గారూ, చదువుతుంటే ఒళ్లు పులకరించింది. ఇంకా రాయించండి.

కొండగాలి గారూ, మీ బండి ఏ వంశానిదో కాస్త చెబుతాను. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి నిఘా బండి కావాలని కంపెనీలను అడిగింది. గడువు ఎంత తక్కువంటే, మొదటి నమూనాను 49 రోజుల్లో ఇవ్వమన్నారు. ఆ పని చేసి చూపించింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. కానీ పెద్ద ఆర్డర్లు విల్లీస్‌కి, ఫోర్డ్‌కి పోయాయి, ఎందుకంటే బాంటమ్‌కి అన్ని బండ్లు చేసే శక్తి లేదు. విల్లీస్ ఇంజన్ 2.2 లీటర్లది, 60 హార్స్ పవర్. యుద్ధం ముగిసేసరికి ఇద్దరూ కలిపి 6 లక్షలకు పైగా తయారు చేశారు. 1945లో విల్లీస్ దాన్నే రైతుల కోసం సీజేగా, అంటే సివిలియన్ జీపుగా, మార్చి అమ్మింది. సైన్యం బండి ముందు గ్రిల్లుకి తొమ్మిది గీతలుంటే, సీజేకి ఏడు.

అదే ఏడాది మన దేశంలో మహీంద్రా అండ్ మొహమ్మద్ అని ఉక్కు వ్యాపార సంస్థ పెట్టారు. ఆ మొహమ్మద్ గారు దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లి, అక్కడ ఆర్థిక మంత్రి, తర్వాత గవర్నర్ జనరల్ అయ్యారు. ఇక్కడ పేరు 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. విల్లీస్ విడిభాగాలు తెచ్చి బిగించడంతో మొదలుపెట్టి, తర్వాత ఇక్కడే తయారు చేశారు. బ్లాకు ఆఫీసు జీపు, పోలీసు జీపు, అడవి జీపు అన్నీ ఆ కొమ్మవే. మీ ఎంఎం 540 వచ్చేసరికి ప్యూజో వాళ్ల నమూనా డీజిల్ ఇంజన్ పెట్టారు, 2112 సీసీ. 2010లో వచ్చిన థార్ కూడా ఆ వరసలోదే. అంటే మీరు అడుగుతున్నది తాతనా మనవడా అని.

నా సంగతి. నాది 1998 మారుతి జిప్సీ కింగ్. గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజర్‌ని. జిప్సీ 1985 డిసెంబరులో 970 సీసీ ఇంజన్‌తో వచ్చింది, 1996లో 1.3 లీటర్ల కింగ్ వచ్చింది. బరువు టన్నుకి కాస్త తక్కువ. అదే దాని బలం. బరువైన బండి దిగబడే చోట ఇది తేలిపోతుంది. దిగబడినా నలుగురు పట్టి ఒక్కో కొస ఎత్తి పక్కకి జరపొచ్చు, మేం రెండుసార్లు జరిపాం. అయితే మైలేజీ తొమ్మిది దాటదు. పట్టీల మీద నడక కాబట్టి ఒంగోలు పోయి వచ్చేసరికి నడుం పట్టేస్తుంది. ఫోర్ వీల్ కావాలంటే కిందికి దిగి ముందు చక్రాల హబ్బులు చేత్తో లాక్ చేయాలి, వానలో అది కష్టమే. ఇన్ని ఉన్నా నేను అమ్మను.

ఆటోనగర్ పానా

నేను నెల్లూరు ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా జీపులు చేస్తున్నాను. తమ్ముడూ, ముందు బండికి ధర కట్టొద్దు. ఈ పనులు చేశాక మాట్లాడుకుందాం.

మొదటిది, ఎవరు ఎంత ఆశపడినా సెల్ఫ్ కొట్టొద్దు. ఆరేళ్లు నిలబడిన ఇంజన్‌లో పిస్టన్ రింగులు బోరుకి, అంటే సిలిండర్ గోడకి, పట్టేసి ఉంటాయి. ట్యాంకులో డీజిల్ జిగురై ఉంటుంది, దాన్ని పంపులోకి లాగితే పంపు, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు రెండూ పోతాయి. ట్యాంకు దింపి కడిగించు. నాజిళ్లు విప్పి ఒక్కో బోరులో కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి రెండు రోజులు వదిలెయ్. తర్వాత ముందు పుల్లీకి పానా వేసి చేత్తో మెల్లగా తిప్పు. తిరిగితే సగం గండం గట్టెక్కినట్టే. తిరక్కపోతే బలవంతం చేయకు, నన్ను పిలువు.

రెండోది, చాసిస్, అంటే బాడీ కింద ఉండే చట్రం. బాడీ రేకు ఎంత తుప్పు పట్టినా టింకరింగ్‌లో కొత్త రేకు వేసుకోవచ్చు. చాసిస్ పోతే ఆ బండి పోయినట్టే. వెనక కమాన్ పట్టీలు వేలాడే బ్రాకెట్ల దగ్గర, బాడీ బోల్టుల దగ్గర స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడు. ఠంగుమంటే మంచిది. మెత్తగా దిగిందంటే నాకు ఫొటో పంపు.

మూడోది, గేర్ బాక్స్, ముందు హౌసింగ్, వెనక హౌసింగ్ (ఇరుసుల గేర్లుండే గూళ్లు) ఆయిల్ ప్లగ్గులు విప్పి చూడు. పాలలాగా తెల్లగా ఉంటే నీళ్లు దూరాయని అర్థం. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కూడా కొట్టుకుపోయాయి కదా, ఆ తర్వాత నెల రోజులు మా షెడ్డులో ఇదే పని. బండి ఆగకుండా బయటికి వచ్చింది కదా, ఏమీ కాలేదు అనుకున్నారు చాలామంది. హౌసింగ్‌లో నీళ్లతోనే రెండు నెలలు తిరిగి, బేరింగులు అరిగి మోత వచ్చాక తెచ్చారు. ఆ రోజే ఆయిల్ మార్చి ఉంటే తక్కువ ఖర్చుతో పోయేది.

థార్ ఉన్నవాళ్లకీ ఇదే మాట. కొత్త థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో పోగలదని కంపెనీ చెబుతుంది. అది నిలిచిన నీళ్ల లెక్క. పారే వాగులో మోకాలి లోతు కూడా బండిని పక్కకి నెట్టేస్తుంది.

కోట రొయ్యల రైతు

పానా అన్నా, ఆ చివరి మాట అక్షరాలా నిజం. ఆ 2021 వరదల్లోనే నేను ఒక చప్టా మీదికి దిగాను. నీళ్లు చూస్తే పెద్ద లోతు లేవు. సగం దూరం పోయాక వెనక భాగం పక్కకి జరగడం స్టీరింగ్‌లో తెలిసింది. చేతులు చల్లబడ్డాయి. రివర్స్ వేసి వచ్చిన దారినే బయటపడ్డాను. ఇంటికెళ్లి మా ఆవిడకి వారం దాకా చెప్పలేదు. చప్టా దగ్గర ఇప్పుడు నేను ఆగుతాను, బండి ఎంత గట్టిదైనా సరే.

కావలి కాగితాలు

ఇంజన్ కన్నా ముందు ఆర్సీ చూడండి కొండగాలి గారూ. బండి నాన్నగారి పేరు మీదే ఉంటే ముందు మీ పేరుకి మార్చుకోవాలి. యజమాని మరణిస్తే వారసుడి పేరుకి మార్చడానికి ఫారం 31 పెట్టాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల పత్రం, మీ అమ్మగారి, చెల్లెలి అంగీకారం సిద్ధం చేసుకోండి. గడువు ఎప్పుడో దాటింది కాబట్టి ఆలస్యానికి రుసుము పడుతుంది.

రెండో సంగతి, సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి ముగుస్తుంది. తర్వాత ఐదేసి ఏళ్లకి ఫిట్‌నెస్ చూసి పొడిగిస్తారు, దానికి ఫారం 25. 20 ఏళ్లు దాటిన కారు, జీపు లాంటి వాటికి ఈ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 10,000 చేసింది. గ్రీన్ ట్యాక్స్ వేరు. ఇవన్నీ ఖర్చులో కలుపుకోండి.

ఇంకొకటి. ఏపీ 26 నంబరు ఇప్పుడు కొత్తగా ఎవరికీ రాదు. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39తో మొదలైంది. నెల్లూరు బండి అని చూడగానే తెలిసే ఆ నంబరు మీ నాన్నగారిది, దాన్ని పోగొట్టుకోవద్దని నా మనవి.

కొనేవాళ్లకి కూడా ఒక హెచ్చరిక. హర్యానా డబ్వాలీ వైపు నుంచి ముక్కలు కలిపి మెరిపించిన జీపులు వస్తున్నాయి. కొన్నిటికి కాగితాలు ఒక బండివి, చాసిస్ ఇంకో బండిది. ఆర్సీలోని నంబరు, చాసిస్ మీద కొట్టిన నంబరు పెన్సిల్‌తో కాగితం మీద రుద్ది పోల్చుకోకుండా రూపాయి ఇవ్వకండి. రిజిస్ట్రేషన్‌లో ఉన్న రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కుదరదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే గట్టిగా చెప్పింది.

దోర్నాల బాట

నేను ఇష్టకామేశ్వరి అమ్మవారి గుడికి భక్తులను జీపులో తీసుకెళ్తాను. శ్రీశైలం-దోర్నాల రోడ్డు నుంచి అడవిలోకి తిరిగాక దారి అంతా బండలే. అటవీ శాఖ అనుమతించిన జీపులే పోవాలి. ఆ కొద్ది దూరానికే చాలాసేపు పడుతుంది.

ఆ దారిలో ఇన్నేళ్లు తిరిగాక నాకు తెలిసింది చెబుతాను. అక్కడ పవర్ పనికిరాదు, ఓపిక పనికొస్తుంది. లో గేర్‌లో పెట్టి చక్రాన్ని బండ మీదకి ఎక్కించాలి గానీ బండకీ బండకీ మధ్య దింపకూడదు. దింపితే హౌసింగ్ తగులుతుంది. ఎదురుగా ఏ రాయి ఉందో డ్రైవరు సీట్లోంచే తెలియాలి. పాత జీపులో బానెట్ సన్నగా ఉంటుంది కాబట్టి రెండు మడ్‌గార్డులూ కంటికి ఆనతాయి. కొత్త బండ్లలో ముక్కు వెడల్పై ఆ సుఖం తగ్గింది. నా చేతిలో ఇప్పుడున్నది మహీంద్రా కమాండర్ జీపు. పగ్గాలు నా చేతుల్లోనే ఉన్నట్టుంటుంది.

ఒకటి మాత్రం అందరికీ చెప్పాలి. ఈమధ్య కుర్రాళ్లు సొంత థార్లు వేసుకొచ్చి నల్లమలలో పక్కదారులు పడుతున్నారు. ఇది పెద్దపులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రోడ్డు గేటు మూసేది కూడా జంతువుల కోసమే. దారి వదిలి లోపలికి పోవడం నేరం. పోతే బండి సీజ్ చేస్తారు, చేయాలి కూడా.

మైపాడు తీరం

దోర్నాల అన్నా, మా బీచ్ సంగతి కూడా కలపండి. మైపాడు నుంచి తూపిలిపాళెం దాకా ఆదివారం వస్తే బండ్లే. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇదే ఇసుకలో గుడ్లు పెడతాయి. గూడు పైకి కనిపించదు. దాని మీద నుంచి చక్రం పోతే ఇసుక గట్టిపడి పిల్లలు పైకి రాలేవు. వచ్చినవి టైరు చాళ్లలో పడి సముద్రం చేరలేక ఎండకి చస్తాయి. పొద్దున్నే వెళ్లి వాటిని నేను చేత్తో ఏరాను. దయచేసి ఇసుక మీదికి బండి తేవొద్దు.

చీమకుర్తి జిప్సీ

మైపాడు గారూ, నేను మూడేళ్ల కిందట కొత్తపట్నం బీచ్‌లో జిప్సీ తిప్పాను. టైర్లలో గాలి 16 పాయింట్లకి తగ్గించి, ఎంత బాగా పోయిందో వీడియో కూడా తీశాను. తాబేళ్ల సంగతి తెలియదు. ఆ వీడియో ఈ రోజే తీసేస్తున్నాను. మళ్లీ తిప్పను.

నష్టం బండికి కూడా జరిగింది. ఇంటికొచ్చి కడిగాను గానీ చాసిస్ లోపలి గొట్టాల్లో చేరిన ఉప్పు ఇసుక పోలేదు. ఏడాదిన్నరకి చాసిస్ వెనక అడ్డపట్టీ (క్రాస్ మెంబర్) పొరలు పొరలుగా లేచింది. దానికైన ఖర్చు 22 వేలు.

ఉదయగిరి కొండగాలి

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు. పానా అన్న చెప్పినట్టే చేశాను. నాజిళ్లు విప్పి ఆయిల్ పోసి రెండు రోజులు ఆగాను. మూడో రోజు పొద్దున పుల్లీ తిప్పితే మొదట కదల్లేదు, కొంచెం ఆగి మళ్లీ పడితే మెల్లగా తిరిగింది. అమ్మ గడపలో నిలబడి చూస్తోంది. నాకు మాట రాలేదు.

చాసిస్ కుడివైపు వెనక బ్రాకెట్ దగ్గర ఒక చోట స్క్రూడ్రైవర్ దిగింది, వేలెడంత. మిగతాదంతా ఠంగుమంది. సీటు కింద నాన్న నోటు పుస్తకం దొరికింది. ఎప్పుడు ఆయిల్ మార్చాడో, ఏ కిలోమీటర్లకి గ్రీజు కొట్టాడో 1991 నుంచి తేదీలతో రాసి పెట్టాడు.

బండి అమ్మడం లేదు. థార్ ఆలోచన కూడా ఇప్పటికి పక్కన పెట్టాను.

ఆటోనగర్ పానా

వేలెడంతే అయితే కోసి ప్లేటు వేసి వెల్డింగ్ చేయొచ్చు, భయం లేదు. లారీ మీద వేసి పంపు. ఈ రకం ఇంజన్‌కి స్టార్ట్ చేసే ముందు వేడెక్కించే హీటర్ ప్లగ్గులు ముఖ్యం, నాలుగూ కొత్తవి వేద్దాం. బ్రేకు సిలిండర్లు, రబ్బరు పైపులు అన్నీ మార్చాల్సిందే, వాటిలో పొదుపు వద్దు. ఇక్కడ దొరకని సామాను చెన్నై పుదుపేటలో దొరుకుతుంది, వారానికోసారి మా కుర్రాడు వెళ్తాడు. నాన్నగారి నోటు పుస్తకం కూడా బండిలోనే పెట్టి పంపు, నాకు పనికొస్తుంది.

ఉదయగిరి కొండగాలి

మూడు నెలల తర్వాత రాస్తున్నాను. ఖర్చు అడిగినవాళ్ల కోసం: ఇంజన్, పంపు పని 78 వేలు, బ్రేకులు, క్లచ్ 24 వేలు, చాసిస్ వెల్డింగ్, టింకరింగ్, రంగు 65 వేలు, ఐదు టైర్లు 31 వేలు. కాగితాలకి వేరే. లోన్ తీసుకోలేదు. ఆర్సీ నా పేరు మీదికి వచ్చింది, ఫిట్‌నెస్ అయ్యింది, నంబరు అదే.

నెల్లూరు నుంచి నేనే నడుపుకుంటూ వచ్చాను. 60 దాటించలేదు. హైవే మీద పెద్ద బండ్లు దాటుతుంటే కొంచెం టెన్షన్ పడ్డాను, ఏసీ లేక ఒళ్లంతా తడిసింది. రోజూ నెల్లూరు పోవాల్సినవాళ్లకి ఈ బండి సరిపోదని ఒప్పుకుంటాను. ఊరు దగ్గర పడ్డాక తారు దిగి, పొలం దారిలో ముందు చక్రాలు కలిపి లో గేర్‌లో వేశాను. సైదాపురం తాతగారు చెప్పినట్టు క్లచ్ వదిలేస్తే తనే నడిచింది. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని పొలం దాకా పోయి వచ్చాను. దారిలో ఆమె ఏమీ మాట్లాడలేదు, డాష్‌బోర్డు కడ్డీ పట్టుకుని కూర్చుంది.

తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయొద్దని నాన్న పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. కారణం రాయలేదు. ఎందుకు పానా అన్నా? ఇంకో సంగతి, ఎడమ ముందు చక్రం లోపలి వైపు తడిగా ఉంది. గ్రీజో ఆయిలో తెలియడం లేదు.

సైదాపురం పెద్దాయన

సంతోషం నాయనా. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఆటోనగర్ పానా

మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఎక్కువ దూరం పోతాయి, వెనకవి తక్కువ. ఫోర్ వీల్ వేస్తే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకే వేగంతో తిరగాలి. మట్టిలో అయితే టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారదు, ఆ బిగువంతా షాఫ్టులు, వాటి కీళ్ల లాంటి క్రాసులు, గేర్ల మీద పడుతుంది. అందుకే నాన్నగారు అలా రాశారు.

ఆ తడి ఆయిల్ సీలు దగ్గరిది అయ్యుంటుంది. కొత్త సీలు తెప్పించి పెడతాను, ఆదివారం తీసుకురా. బండి కడగొద్దు తమ్ముడూ, మరక చూస్తేనే ఎక్కడి నుంచి కారుతోందో తెలుస్తుంది.